ఓడ జాబితాలలో పూర్వీకుల జాడ

విక్టోరియా రాణి కాలంలో ఓడెక్కి పోయిన పూర్వీకుని కథ సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలలో చాలాచోట్ల వినవస్తుంది. పర్లాకిమిడి, బరంపురం ప్రాంతాలలోనైనా, తిరుత్తణి, హోసూరు వైపునైనా, యానాంలోనైనా ఆ కథ దాదాపు ఒకే తీరున మొదలై ఒకే చోట ఆగిపోతుంది. ముత్తాతకు తమ్ముడొకడు ఉండేవాడు, కరువు ఏట పట్నం పోయాడు, అక్కడినుంచి ఓడ ఎక్కాడు, మరి తిరిగి రాలేదు. ఎక్కడికి పోయాడంటే కొందరు మోరీసు అంటారు, కొందరు నేటాలు అంటారు, ఎక్కువమంది "దీవులకు" అని ఊరుకుంటారు. అక్కడ ఏ పని చేశాడు, పెళ్ళాడాడా, ఏ ఏట కన్నుమూశాడు అన్న ప్రశ్నలకు ఇంట్లో జవాబు దొరకదు. ఇక సముద్రానికి ఆవలి ఒడ్డున, డర్బనులోనూ పోర్టు లూయీలోనూ, నాయుడు, రెడ్డి అన్న పేర్లు మోస్తున్న అయిదవ తరం, ఆరవ తరం వారు తమ ఊరు ఏదో తెలియక వెదుకుతున్నారు. ఈ రెండు ఒడ్డులనూ కలపగల కాగితాలు నిజంగానే ఉన్నాయి. అవి ఏమిటి, ఎక్కడ ఉన్నాయి, వాటిని ఎలా చదవాలి అన్నది తెలిస్తే ఆగిపోయిన కథలు కొన్నైనా ముందుకు సాగుతాయి.

పోయినవాని జాడ, ఉన్నవాని మౌనం

విక్టోరియా 1837 జూన్ 20న గద్దెనెక్కింది. ఆ ఏడాదే జూలై 1 నుంచి ఇంగ్లండు, వేల్సులలో జనన, వివాహ, మరణాలను ప్రభుత్వమే నమోదు చేయడం ప్రారంభించింది. 1841 నుంచి జనాభా లెక్కల పత్రాలలో ఇంటింటి మనుషుల పేర్లు నిలిచి ఉన్నాయి. 1858 నుంచి వీలునామాలకు దేశమంతటికీ ఒకే సూచిక ఉంది. అందుచేత 1884 డిసెంబరు 12న లండనులో మరణించిన సి.పి. బ్రౌను వంటి ప్రముఖుని మాట అటుంచి, అదే నగరంలో బట్టలుతికి బతికిన సామాన్యురాలి మరణానికి సైతం తేదీ, స్థలం, వయసు, కారణం చెప్పే పత్రం నేటికీ దొరుకుతుంది.

మన వైపు పరిస్థితి వేరు. 1871లో మద్రాసు రాజధానిలో జనాభా లెక్కలు తీశారు గాని మిగిలినవి మొత్తం అంకెలే. ఇంటింటి పత్రాలను దాచలేదు. జనన మరణాల నమోదుకు మద్రాసు రాజధానిలో ప్రత్యేక చట్టం 1899లో గాని రాలేదు. అంతకుముందు గ్రామ మునసబులు రాసిన లెక్కలు ఉన్నా, చెదలకూ వానకూ తట్టుకొని నిలిచినవి తక్కువ. ఫలితంగా ఒక విచిత్రం జరిగింది. ఊళ్ళోనే ఉండి, పొలం దున్ని, పిల్లలను పెంచి, సొంత ఇంటి పంచలో ప్రాణం విడిచిన అన్నకు కాగితం మీద ఒక్క పంక్తి కూడా మిగలలేదు. ఊరు వదిలి కూలికి పోయిన తమ్ముని ఎత్తు ఎన్ని అడుగులో, ఎడమ మోచేతిమీద మచ్చ ఉందో లేదో కూడా పుస్తకానికి ఎక్కింది. ఈ శ్రద్ధకు కారణం ప్రేమ ఎంతమాత్రం కాదు. అయిదేళ్ళ ఒప్పందానికి కట్టుబడిన కూలివాడు పారిపోతే పట్టుకోవడానికి ఆనవాళ్ళు కావాలి. యజమానుల అవసరం కోసం రాసిన ఆ రాతే నేడు మునిమనుమల చేతిలో ఏకైక ఆధారంగా నిలిచింది.

నేటాలు జాబితాలు

తెలుగువారికి సంబంధించినంతవరకు ఈ రికార్డులలో నిండుగా ఉన్నవి దక్షిణాఫ్రికాలోని నేటాలు జాబితాలు. చెరకు తోటలకు కూలీలు కావాలని నేటాలు ప్రభుత్వం కోరగా, 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి బయలుదేరిన "ట్రూరో" అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న డర్బను చేరింది. ఆనాటి నుంచి 1911 వరకు మొత్తం 1,52,184 మంది ఒప్పంద కూలీలు నేటాలుకు వెళ్ళారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. ఆ వంతులో తమిళులూ తెలుగువారూ కలిసి ఉన్నారు. తక్కినవారు కలకత్తా నుంచి వెళ్ళారు.

మధ్యలో ఒక విరామం ఉందని గుర్తుంచుకోవాలి. 1866లో వలస నిలిచిపోయింది. 1871లో "రెడ్ రైడింగ్ హుడ్" అనే ఓడలో మద్రాసుకు తిరిగివచ్చిన మొదటి కూలీలు జీతాలు ఎగవేశారనీ, కొట్టారనీ అధికారుల ఎదుట మొర పెట్టుకున్నారు. దానిమీద 1872లో నేటాలులో విచారణ సంఘం కూర్చుంది. కూలీల బాగోగులు చూడడానికి ప్రొటెక్టరు అనే అధికారిని నియమించారు. 1874లో వలస తిరిగి మొదలయింది. కాబట్టి కుటుంబంలో ఎవరైనా "1870లో నేటాలు పోయాడు" అని చెప్పుకుంటూ వస్తే, ఆ ఏడో, ఆ దేశమో రెండింటిలో ఒకటి సరికాదని ముందే గ్రహించవచ్చు.

ఓడ దిగిన ప్రతి వ్యక్తికీ ఒక సంఖ్య ఇచ్చారు. ట్రూరోలో వచ్చినవారితో ఒకటి నుంచి మొదలైన ఈ వరుస చివరి ఓడ వరకు సాగింది. జాబితాలో ఆ సంఖ్య పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, ఆడో మగో, కులం, జిల్లా, తాలూకా లేక ఠాణా, గ్రామం, ఎత్తు, శరీరంమీది గుర్తులు, ఏ యజమానికి అప్పగించారో రాశారు. చివరి గడిలో కొందరికి చనిపోయిన తేదీనో, తిరిగి ఇండియాకు పోయిన ఓడ పేరో కనిపిస్తుంది. తొలి ఓడల జాబితాలలో కొన్ని గళ్ళు ఖాళీగానే ఉన్నాయి. 1874 తరువాతి వాటిలో వివరం ఎక్కువ.

వెదికేవారికి పేరుకంటే ఈ సంఖ్య ముఖ్యం. కూలివాడు వివాహం నమోదు చేసుకున్నా, బిడ్డ పుట్టుక చెప్పినా, ఒప్పందం ముగిసి విడుదల పత్రం పుచ్చుకున్నా, చివరకు చనిపోయినా, కాగితంమీద ఆ సంఖ్య వెంట వస్తుంది. ఒకే ఓడలో ముగ్గురు వెంకటస్వాములు ఉండవచ్చు గాని ఒక సంఖ్య ఒక్కరిదే. డర్బనులోని వారసుల ఇళ్ళలో పాత పత్రం ఏదైనా మిగిలి ఉంటే మొట్టమొదట చూడవలసినది దానిమీది సంఖ్యనే. అది దొరికితే ఓడ, ఏడు, గ్రామం అన్నీ ఒక్క పంక్తిలో తెలిసిపోతాయి.

మూల పుస్తకాలు డర్బను ప్రభుత్వ దస్తర భాండాగారంలో ఉన్నాయి. వాటినుంచి కంప్యూటరులోకి ఎక్కించిన సమాచారం క్వాజులు-నేటాలు విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటరులో ఉంది. అమెరికాకు చెందిన ఫ్యామిలీసెర్చ్ సంస్థ కూడా 1860 నుంచి 1911 వరకు గల నేటాలు ఓడ జాబితాలనూ, అక్కడి మరణ నమోదులనూ ఇంటర్నెట్టులో చూపుతున్నది. దానికి రుసుము లేదు. పల్లెలో ఉన్నవారైనా సరే, ఇంటర్నెట్టు వాడకం తెలిసిన పిల్లవానిచేత వెదికించుకోవచ్చు.

ఇంటిపేరు ఎందుకు కనిపించదు

వెదకబోయినవారు సాధారణంగా మొదట ఇంటిపేరుతో వెదికి, దొరకక నిరాశ చెందుతారు. తెలుగు కుటుంబానికి ఇంటిపేరు ప్రాణం. వంశాన్ని గుర్తించేదీ, సంబంధాలు కలుపుకొనేదీ దానితోనే. అయితే మద్రాసు డిపోలో రాసిన గుమాస్తా అడిగింది నీ పేరేమి, నీ తండ్రి పేరేమి అని మాత్రమే. ఇంటిపేరుకు జాబితాలో గడి లేదు. అందువల్ల పల్లెలో ఇంటిపేరుతో నిలిచిన వంశానికీ, నేటాలులో వ్యక్తి పేరుతో నిలిచిన కొమ్మకూ మధ్య పైకి ఏ పోలికా కనబడదు. అక్కడ తరువాతి తరంలో తండ్రి పేరో, కులం పేరో ఇంటిపేరుగా మారిపోయింది. నాయుడు అన్న మాట చివర రెండు "ఓ" అక్షరాలు చేర్చి రాసే పద్ధతి అలా స్థిరపడినదే. ఆ పేరు తెలుగువారిలోనూ, తమిళం మాట్లాడే తెలుగు మూలాలవారిలోనూ ఉంది గనుక కేవలం దానిని పట్టుకొని ఊరు చెప్పడం సాధ్యం కాదు.

పేరు వినేవాడు ఒకడు, రాసేవాడు ఇంకొకడు, చదివేవాడు వేరొకడు అయినప్పుడు అక్షరాలు మారకుండా ఉండవు. మద్రాసులో విన్న చెవి తరచు తమిళం చెవి. వెంకటస్వామి "వెంగటసామి" కావడం, గురవయ్య "కురవయ్య" కావడం, భీమన్న "బీమన్" కావడం అందులో భాగమే. ఇంగ్లీషులో ఒత్తు ఉన్నచోట ఒకే అక్షరం, దీర్ఘం ఉన్నచోట రెండు అక్షరాలు, "వ"కు రెండు రకాల అక్షరాలు పడతాయి. వెదికేటప్పుడు కళ్ళతో కాక చెవులతో వెదకాలి. జాబితాలోని అక్షరాలను పైకి చదివి, పల్లె ఉచ్చారణకు దగ్గరగా వస్తున్నదేమో చూడాలి.

ఇక్కడ తెలుగు పాఠకునికి ఒక అనుకూలత ఉంది. పేరులోనే కొంత భూగోళం దాగి ఉంటుంది. అప్పన్న, అప్పలస్వామి, సింహాద్రి అన్న పేర్లు సింహాచలం స్వామి ఏలే ఉత్తరాది జిల్లాలను సూచిస్తాయి. పైడితల్లి పేరు విజయనగరం వైపు, నూకరాజు, నూకాలు అనకాపల్లి వైపు ఎక్కువ. పెంచలయ్య అంటే నెల్లూరు సీమ. మునస్వామి, మునెప్ప అన్నవి చిత్తూరు, ఉత్తర ఆర్కాడు, కోలారు ప్రాంతాలలో విస్తారం. గ్రామం గడి ఖాళీగా ఉన్నప్పుడు, లేక చదవరాకుండా ఉన్నప్పుడు, తండ్రీకొడుకుల పేర్లు రెండూ కలిపి చూస్తే ఏ వైపు వెదకాలో స్థూలంగా తెలుస్తుంది. డర్బనులో కూర్చొన్న పరిశోధకునికి ఈ సంగతి తట్టదు. పల్లెలోని ముసలమ్మకు తడుతుంది.

కులం గడిని మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఓడ ఎక్కడానికి అనుకూలంగా కులం మార్చి చెప్పినవారు ఉన్నారు. గుమాస్తా తనకు తెలిసిన మాటే రాసుకున్న సందర్భాలూ ఉన్నాయి. జాబితాలోని కులం ఇంట్లో చెప్పుకొనే కులంతో కలవనంత మాత్రాన ఆ మనిషి వేరని తీర్మానించరాదు. తండ్రి పేరు, గ్రామం రెండూ కలిస్తే కులం కలవకపోయినా మనిషి అతడే కావడానికి అవకాశం ఎక్కువ.

జిల్లా నాటిది, రాష్ట్రం నేటిది

సరిహద్దు కుటుంబాలు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది జిల్లా గడిని గురించి. ఓడ జాబితాలో "గంజాం" అని ఉంటే దానిని నేటి ఒడిశాలోని గంజాం జిల్లాగా భావించడం పొరపాటు. ఆనాటి గంజాం జిల్లాలో చికాకోలు, అంటే శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం కూడా ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు పోయాయి. శ్రీకాకుళం వైపు తాలూకాలు మద్రాసు రాజధానిలో ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. వాటితో 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. కాబట్టి గంజాం అని ఉన్న పంక్తిలోని గ్రామం నేడు రెండు రాష్ట్రాలలో ఎక్కడైనా ఉండవచ్చు. తాలూకా గడి చూడనిదే తేలదు. డర్బను నుంచి వచ్చినవారు భువనేశ్వరం పోయి వెదికి వెనుదిరగడానికి, ఊరు చూస్తే టెక్కలి పక్కనే ఉండడానికి ఇటువంటి పొరపాటు ఒక్కటి చాలు.

దక్షిణాన ఉత్తర ఆర్కాడు విషయమూ ఇంతే. చిత్తూరు జిల్లా 1911లో గాని పుట్టలేదు. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు వైపువారు ఉత్తర ఆర్కాడు పేరుతోనే ఓడ ఎక్కారు. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలో ఉండేవి. తిరుత్తణి ఉత్తర ఆర్కాడు నుంచి చిత్తూరుకు వచ్చి, 1960లో మద్రాసు రాష్ట్రానికి మారింది. హోసూరు, కృష్ణగిరి సేలం జిల్లాలోనివి. బళ్ళారి జిల్లా 1953లో చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి, తక్కినది మైసూరుకు పోయింది. నైజాం ఇలాకావారికి, సిరోంచ వంటి మధ్యపరగణాల తెలుగువారికి మద్రాసు రేవు దూరం. అయినా ఆ జిల్లాల పేర్లు కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు, కరువు ఏట మనిషి ఎంతదూరమైనా నడిచాడు.

గ్రామం పేరు విషయంలో కొత్తవలస, కొత్తపేట, రామచంద్రాపురం వంటివి వస్తే చిక్కే. ఒక్క తాలూకాలోనే రెండు మూడు ఉంటాయి. అప్పుడు తండ్రి పేరుతో పాటు అదే ఓడలో పక్క పక్క సంఖ్యలలో ఉన్నవారిని చూడడం మంచి ఉపాయం. ఒక ఊరి నుంచి, ఒక మేస్త్రీ వెంట బయలుదేరినవారు డిపోలోనూ గుంపుగానే నిలబడ్డారు. వారి సంఖ్యలు వరుసగా పడ్డాయి. ఒకరి ఊరు తేలితే పక్కవాడి ఊరు చాలాసార్లు దాని పరిసరాలలోనే తేలుతుంది. ఆడవారిని వెదకడానికీ ఇదే దారి. నూరుమంది మగవారికి నలభైమంది స్త్రీలు ఉండాలన్న నియమం ఉండేది. ప్రతి స్త్రీకీ సొంత సంఖ్య ఉంది, తండ్రి పేరుతో సహా. అత్తవారింటి చరిత్రలో పేరైనా మిగలని ముత్తవ్వ ఈ జాబితాలో తన తండ్రి పేరుతో నిలిచి ఉండడం గమనించదగ్గది.

యానాం, కోరంగి, మోరీసు

యానాం కుటుంబాలకు వెదుకులాట ఫ్రెంచి రికార్డులలో సాగుతుంది. బూర్బను దీవికి, అంటే నేటి రియూనియనుకు, 1828లోనే యానాం నుంచి కొద్దిమంది తెలుగువారు ఒప్పందంమీద వెళ్ళారు. నేటాలు వలసకు అది ముప్పై రెండేళ్ళు ముందు. తరువాత 1860లో బ్రిటిషు, ఫ్రెంచి ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒడంబడిక ప్రకారం బ్రిటిషు ఇండియా కూలీలు కూడా ఫ్రెంచి దీవులకు పోసాగారు. కూలీల దుస్థితిపై ఫిర్యాదులు పెరగడంతో 1882లో రియూనియను వలసను బ్రిటిషు ఇండియా ప్రభుత్వం ఆపివేసింది. ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రొవాన్సు నగరంలో ఉన్న విదేశీ వలస రాజ్యాల దస్తర భాండాగారం యానాం పాత పుట్టుక, పెళ్ళి, చావు పుస్తకాల ప్రతులను ఇంటర్నెట్టులో పెట్టింది. ఫ్రెంచి మరణ పత్రంలో చావును చెప్పడానికి వచ్చిన సాక్షుల పేర్లు, వయసు, వృత్తి కూడా రాస్తారు. వారు తరచు బంధువులో, ఇరుగుపొరుగువారో కావడంచేత ఒక పత్రం మూడు కుటుంబాలకు ఆధారం అవుతుంది.

యానాంకు కూతవేటు దూరంలోని కోరంగి రేవు 1839 నవంబరు ఉప్పెనలో దెబ్బతిన్నా దాని పేరు సముద్రాలు దాటింది. మోరీసులోనూ బర్మాలోనూ తెలుగువారిని కోరంగీలు అని పిలిచారు. మోరీసు వలస 1834లో మొదలై, నాలుగున్నర లక్షల మందికి పైగా భారతీయులను ఆ చిన్న దీవికి చేర్చింది. అక్కడి రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్స్టిట్యూటులో ఉన్నాయి. వాటి ప్రత్యేకత ఏమంటే 1860ల నుంచి కూలీల ఫోటోలు తీయించి దాచారు. విక్టోరియా కాలపు తెలుగు రైతుకూలీ ముఖం చూడడానికి ఇంతకు మించిన చోటు లేదు. కూలీలు ఓడ దిగిన పోర్టు లూయీ మెట్లను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

మోరీసు కాగితాలకు ఇటీవల మరొక విలువ వచ్చింది. 2024 మార్చిలో భారత రాష్ట్రపతి ఆ దేశం వెళ్ళినప్పుడు, మోరీసులోని భారతీయ సంతతికి ఏడవ తరం వరకు ప్రవాస భారత పౌరసత్వ కార్డు ఇచ్చే ఏర్పాటును ప్రకటించారు. ఆ కార్డుకు పూర్వీకుడు ఇండియా నుంచి వచ్చినట్లు ఆధారం చూపాలి. ఓడ జాబితాలోని పంక్తికి ఇప్పుడు భావావేశమే కాక చట్టపు బలమూ ఉన్నదన్నమాట.

బర్మా పోయినవారి మాట వేరు. రంగూను ఓడల్లో డెక్కు టికెట్టు కొనుక్కొని పోయి, పంట కాలం ముగిశాక తిరిగివచ్చిన కోరంగీలకు ఒప్పంద పత్రం లేదు, వ్యక్తి సంఖ్య లేదు. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళినవారిలో బర్మా వెళ్ళినవారే అత్యధికులు. అయినా వారి పేర్లకే రికార్డు అతి తక్కువ.

ఇటు ఒడ్డున ఏమి చూడాలి

పల్లెవైపు వెదుకులాట ఇంట్లోనే మొదలవుతుంది. పెద్దలు ఇంగ్లీషు సంవత్సరం చెప్పరు, కరువు పేరు చెబుతారు, తెలుగు ఏటి పేరు చెబుతారు. అదే మేలు. "ధాత కరువులో పోయాడు" అంటే 1876-77. ఆ కరువు బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాలను నేలమట్టం చేసింది. తెలుగు సంవత్సరం అరవయ్యేళ్ళకు తిరిగి వస్తుంది గనుక ధాత 1816లోనూ వచ్చింది, 1936లోనూ వచ్చింది. అయితే నేటాలు వలసకు సరిపోయేది 1876 ఒక్కటే. క్షయ నామ సంవత్సరం అంటే 1866-67. ఒరిస్సా మహాక్షామం గంజాం జిల్లాను కూడా పీడించిన రోజులవి. అప్పటికి నేటాలు వలస ఆగిపోయింది గనుక ఆ ఏట ఓడ ఎక్కినవారికి మోరీసు వైపు చూడాలి.

తరువాత భూమి కాగితాలు. మద్రాసు రాజధానిలో 1858 నుంచి సాగిన ఇనాం విచారణ రిజిస్టర్లలో ఇనాందారు పేరు, వారసులు, అనుభవ వివరం ఉన్నాయి. రైత్వారీ గ్రామాలకు సెటిల్మెంటు రిజిస్టర్లు, డైగ్లాట్లు ఉన్నాయి. ఓడెక్కినవాని అన్నదమ్ముల పేర్లు వాటిలో కనబడితే జాబితాలోని తండ్రి పేరును సరిచూసుకోవచ్చు. జమీందారీ గ్రామాలలో ఈ సౌకర్యం తక్కువ. పర్లాకిమిడి, టెక్కలి, బొబ్బిలి వంటి ఎస్టేట్ల లెక్కలు జమీందారుల కచేరీలలో ఉండిపోయాయి. మద్రాసు వైపు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతనే వాటికి ప్రభుత్వ సర్వే పద్ధతి వచ్చింది. ఆంధ్రప్రదేశులో 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయినప్పుడు కొన్ని ఊళ్ళలో పాత కట్టలు తాలూకా కచేరీకి చేరలేదు. ఆ ఇళ్ళ అటకలమీద అడగడం వృథా కాదు. మద్రాసు ప్రభుత్వ వలస దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు దస్తర భాండాగారంలో ఉన్నాయి. తాతలను తీసుకొని గయకో హరిద్వారానికో వెళ్ళిన వంశమైతే అక్కడి పండాల బహీలలో మూడు నాలుగు తరాల పేర్లు దొరకడమూ కద్దు.

చావు ఎక్కడ రాసి ఉంటుంది

పుట్టిన ఊరికంటే పోయిన తేదీ తెలుసుకోవడమే పల్లెలోని కుటుంబాలకు ముఖ్యంగా కావలసినది. నాడు భర్త ఓడెక్కి పోతే భార్య బొట్టు ఉంచుకోవాలా, తీసివేయాలా అన్నది తేలేది కాదు. కొడుకుకు తద్దినం పెట్టడానికి తిథి లేదు. ఎన్నో ఇళ్ళలో ఆ లోటు తరాలుగా అలాగే మిగిలింది.

మరణం మొదట కనబడే చోటు ఓడే. ప్రయాణంలో చనిపోయినవారి పేర్లు ఓడ వైద్యుడు రాశాడు. మద్రాసు నుంచి నేటాలుకు తొలి ఓడకే అయిదు వారాలు పట్టింది. కలరా సోకితే ఆ అయిదు వారాలలో పదులమంది సముద్రంలో కలిసిపోయేవారు. నేల చేరినవారి విషయంలో తోట యజమాని కూలివాని చావును ప్రొటెక్టరుకు తెలియజేయాలి. ఆ తేదీ సంఖ్య పక్కన ఎక్కింది. అనుమానాస్పద మరణాలకు మేజిస్ట్రేటు విచారణ కాగితాలు ఉన్నాయి. ఉరి, నీటిలో పడడం, గని ప్రమాదం అన్న కారణాలు వాటిలో తరచు కనిపిస్తాయి. వారసులు ఆ కాగితం తెరిచేముందు మనసు గట్టి చేసుకోవాలి. యజమాని మాటను బట్టి రాసిన కారణమే ఆ కాగితాలలో ఎక్కువగా మిగిలింది. పక్కన పనిచేసిన కూలీల సాక్ష్యం ఉంటే దానిని వేరుగా చదివి బేరీజు వేయాలి.

ఒప్పందం ముగించి, కొంత భూమో అంగడో సంపాదించి చనిపోయినవారికి నేటాలులో మరణ నివేదిక అనే పత్రం, ఆస్తి ఫైలు ఉంటాయి. పీటర్మారిట్జుబర్గు భాండాగారంలోని ఈ ఫైళ్ళలో చనిపోయినవాని తల్లిదండ్రుల పేర్లు, భార్య, పిల్లలందరి పేర్లు, వృత్తి, చనిపోయిన ఇల్లు, మిగిల్చిన ఆస్తి వరుసగా రాసి ఉన్నాయి. ఒక లోపం మాత్రం ఉంది. పుట్టిన చోటు అన్న గడిలో చాలాసార్లు "మద్రాసు" అనో "ఇండియా" అనో మాత్రమే రాసి వదిలారు; చావు చెప్పినవాడు నేటాలులో పుట్టిన కొడుకు, అతనికి ఊరు తెలియదు. అందుకే మరణ పత్రం ఒక్కటే చాలదు. దానిలోని సంఖ్యతో వెనక్కు నడిచి ఓడ జాబితాకు పోవాలి, అక్కడినుంచి ఊరికి రావాలి.

జాబితాలో మరణ తేదీ లేకపోతే తిరిగివచ్చాడేమో చూడాలి. అయిదేళ్ళ ఒప్పందం, ఆపైన మరో అయిదేళ్ళ నివాసం పూర్తిచేసినవారికి తిరుగు ప్రయాణం ఉచితం. 1895లో చేసిన చట్టం ఒప్పందం ముగించుకొని నేటాలులోనే ఉండదలచిన కొత్త కూలీలమీద ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేసింది; మొదటి ఏడాది నెలకు పది షిల్లింగుల జీతం పుచ్చుకొనేవానికి అది ఆరు నెలల కష్టార్జితం. 1914లో రద్దయ్యేవరకు ఆ పన్ను చాలామందిని తిరుగు ఓడ ఎక్కించింది. మద్రాసులో దిగి, కులంలోకి రానివ్వరన్న భయంతోనో, చేతిలో డబ్బు లేకనో సొంత ఊరికి చేరకుండా పట్నంలోనే ఉండిపోయినవారూ ఉన్నారు. వారి విషయంలో తిరుగు ఓడ తేదీ తరువాత కాగితం మళ్ళీ మౌనం వహిస్తుంది.

తేదీ దొరికినవారికి తిథి కట్టించుకోవడం కష్టం కాదు. పాత పంచాంగాల లెక్క తెలిసిన సిద్ధాంతి ఎవరైనా 1888 నాటి తేదీకైనా మాసం, పక్షం, తిథి చెప్పగలడు. డర్బను గడియారం మన గడియారానికి నేడు మూడున్నర గంటలు వెనుక నడుస్తున్నది గనుక, పత్రంలో చావు వేళ రాసి ఉంటే ఆ సంగతీ సిద్ధాంతికి చెప్పాలి. తిథి మారే వేళలలో అంత తేడాకే దశమి ఏకాదశి అవుతుంది. వేళ లేకపోతే తేదీని బట్టి నిర్ణయిస్తారు. తేదీ ఏ విధంగానూ దొరకనివారికి మహాలయ అమావాస్య నాడు పెట్టే ఆచారం ఎలాగూ ఉంది. ఓడ పేరు, తండ్రి పేరు, ఊరు పేరు దొరికి తేదీ ఒక్కటే దొరకని కుటుంబాలు ఆ రోజునే ఎంచుకోవచ్చు.